చివరి వరుసలోని అవ్వకు వినబడిందా?

చర్ల వైపు అడవి అంచున ఉన్న ఒక గూడెంలో ఆ రాత్రి సెమీ క్రిస్మస్ కూడిక. తాటాకు పందిరికి రంగు కాగితాలు కట్టారు. వెదురు బద్దలతో నక్షత్రం చేసి వేలాడదీశారు. మా సంఘపు యౌవనస్థులు కొత్తగా కొన్న సౌండ్ సెట్టుతో మొదటిసారి పాడుతున్నారు. కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, మనిషెత్తు బాక్సులు రెండు. పాట అడవికి తగిలి తిరిగి వస్తున్నట్టుంది. మా పిల్లల ముఖాల్లో సంతోషం చూసి మేమూ మురిసిపోయాం.

కూడిక ముగిసి అన్నాలు వడ్డిస్తున్నప్పుడు, చివరి వరుసలో కూర్చున్న ఒక అవ్వ మెల్లగా మా దగ్గరికి వచ్చింది. ఆమె ఇంటి భాష కోయ. తెలుగు ఆమె సంతల్లో, మిరప తోటల్లో నేర్చుకున్నది. చేతులు జోడించి, “అయ్యగారూ, దేవుడు నన్ను క్షమించడా?” అని అడిగింది.

మాకు అర్థం కాలేదు. “ఎందుకవ్వా అట్లా అడుగుతున్నావు?” అన్నాం.

“పిల్లలు పాడిన్రు గదా. క్షమించడు, క్షమించడు అని మళ్లా మళ్లా అన్నరు.”

ఆ పాట మా పిల్లలు సొంతంగా కట్టుకున్నది. పల్లవి చివర వచ్చే మాట ‘క్షమించాడు’. మైకుకు పెట్టిన ఎకోలో ఒక మాట మీద ఇంకో మాట పడి, ఆ దీర్ఘం కాస్తా మునిగిపోయింది. రెండు గంటల పాటు మేము సువార్త పాడామనుకున్నాం. ఆ తల్లికి చేరింది మాత్రం శిక్ష. ఆమె పక్కన కూర్చుని, మైకు లేకుండా, మెల్లగా ఆ మాట మళ్లీ చెప్పాం. ఆమె కళ్లు తుడుచుకుంది. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక్క దీర్ఘం మీద సువార్త

మన తెలుగులో అర్థం ఒక్కోసారి ఒక్క దీర్ఘం మీద నిలబడుతుంది. ‘క్షమించాడు’ అంటే పని జరిగిపోయింది. ‘క్షమించడు’ అంటే ఎప్పటికీ జరగదు. ‘రక్షించాడు’, ‘రక్షించడు’ కూడా అంతే. మన సభల్లో ఎకో బాగా పెడితేనే పాటకు నిండుదనం, ప్రసంగానికి గాంభీర్యం వస్తాయని ఒక నమ్మకం పాతుకుపోయింది. కానీ ఎకో చేసే పనే శబ్దాన్ని సాగదీయడం. హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ ఒకేలా సాగదీస్తే తెలుగు మాటకు మిగిలేదేమిటి?

కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో అపొస్తలుడైన పౌలు ఈ సంగతే వాయిద్యాల పోలికతో చెప్పాడు (1 కొరింథీ 14:7-11). పిల్లనగ్రోవి అయినా వీణ అయినా స్వరాల మధ్య తేడా తెలియకపోతే, వాయించినది ఏమిటో ఎవరూ గ్రహించలేరంటాడు. బూర ధ్వని స్పష్టంగా లేకపోతే సైనికుడు యుద్ధానికి సిద్ధపడడంటాడు. అక్కడ ఆయన మాట్లాడుతున్నది భాషల వరం గురించి. అయినా దాని వెనుక ఉన్న సూత్రం మన సౌండ్ సెట్టుకూ వర్తిస్తుంది. ఆ అధ్యాయమంతటా పౌలు అడిగే ప్రశ్న ఒక్కటే: దీనివల్ల సంఘానికి క్షేమాభివృద్ధి కలుగుతుందా? గ్రీకు మూలంలో అక్కడ ఉన్న మాట ‘ఒయికొదొమే’. అంటే ఇల్లు కట్టడం. శబ్దం ఎంత గొప్పగా ఉన్నా వినేవారిలో ఏమీ కట్టకపోతే అది వట్టి శబ్దమే.

మేము ఎలా కొన్నాం

తప్పు మాదే కనుక దాచకుండా చెబుతున్నాం. మా సంఘంలో ఎక్కువ మంది కూలి పని చేసుకునేవారు. వేసవిలో తునికాకు, ఆ తర్వాత పత్తి, మిరప. ఆ కూలిలోంచి తీసి ఇచ్చిన కానుకలతో రెండేళ్లలో నలభై వేల రూపాయలు కూడాయి. యౌవనస్థులు తెచ్చిన జాబితా లక్ష దాటింది. తగ్గించగా తగ్గించగా అరవై అయిదు వేల దగ్గర ఆగింది. మిగిలిన పాతిక వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం.

అందుకు ఎందుకు ఒప్పుకున్నాం? భయపడి. పట్టణంలోని పెద్ద సంఘాల్లో రంగు దీపాలు, పెద్ద బ్యాండ్లు ఉన్నాయి. మేము కొనకపోతే మా పిల్లలు అక్కడికి వెళ్లిపోతారేమోనని లోపల ఒక గుబులు. దానికి ‘దర్శనం’ అని పేరు పెట్టుకున్నాం.

కొనేటప్పుడు బాక్సుల వాట్లు చూశాం, వందల రకాల ఎఫెక్టులున్న యంత్రం చూశాం. చివరికి మైకుల కోసం మిగిలింది పదిహేను వందల రూపాయలు. అంటే మాటను పట్టుకోవలసిన వస్తువుకు అందరికన్నా తక్కువ ఖర్చు పెట్టాం. అప్పు తీరడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు విధవరాండ్రకు ఇచ్చే చీరలు ఇవ్వలేకపోయాం. ‘క్షమించడా’ అని అడిగిన ఆ అవ్వ కూడా వారిలో ఒకరు.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు (లూకా 14:28-30). మేము ఆ వాక్యం మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. లెక్క మాత్రం చూసుకోలేదు.

కరెంటు రాకముందే పాట ఉంది

గలిలయ సముద్ర తీరాన జనం తోసుకు వస్తుంటే ప్రభువు సీమోను దోనె ఎక్కి, ఒడ్డునుంచి కొంచెం లోపలికి తీయించి, అక్కడ కూర్చుని బోధించాడు (లూకా 5:1-3). ఏటవాలుగా లేచిన ఒడ్డు, ఎదురుగా నీరు. మాట దూరం వెళ్లడానికి అంతకన్నా మంచి వేదిక ఏముంటుంది? ఎజ్రా ధర్మశాస్త్రం చదివినప్పుడు కొయ్యతో ఎత్తయిన పీఠం చేయించారు. జనం మధ్య లేవీయులు నిలబడి, చదివినదాని అర్థం గ్రహించేలా చెప్పారు (నెహెమ్యా 8:4-8). వాళ్లకు మైకు లేదు. చివరి మనిషికి అర్థం కావాలన్న ఆరాటం మాత్రం ఉంది.

మన ప్రాంతపు చరిత్ర కూడా అదే చెబుతుంది. 19వ శతాబ్దం రెండో సగంలో గోదావరి మీద పడవల రాకపోకల కోసం దుమ్ముగూడెం దగ్గర పనులు జరిగాయి. ఆ పనుల మీద వచ్చిన సైనిక ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ ప్రోద్బలంతో చర్చ్ మిషనరీ సొసైటీ కోయల మధ్య సేవ మొదలుపెట్టింది. జాన్ కెయిన్ అనే మిషనరీ దశాబ్దాల పాటు దుమ్ముగూడెంలోనే ఉండిపోయారు. ఆ శతాబ్దం ముగియకముందే లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. ఆ పుస్తకం వెనుక ఉన్న ఆలోచన ఎంత సూటిగా ఉందో చూడండి. వినేవాడి భాషలో, వినేవాడి చెవికి అందాలి.

ఆ తర్వాత దోర్నకల్ అధ్యక్ష ఖండానికి 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తెలుగు బాణీలు, మన తాళాలు ఆరాధనలోకి రావాలని ఆయన పట్టుబట్టారు. పల్లెల్లో కంజిర, తాళాలు, డోలక్‌తోనే సంఘాలు పాడాయి, పెరిగాయి.

ఇక ఈ అడవి సొంత వాయిద్యం కోయ డోలు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఆ డోలుతో తమ జాతి గాథలు పాడినందుకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. ఏ యంత్రమూ ఇవ్వలేని ధ్వని అది. దేవుణ్ణి స్తుతించడానికి తంబురను, తాళాలను, ఊపిరిగల ప్రతిదానినీ పిలిచిన 150వ కీర్తన డోలును మాత్రం బయట నిలబెట్టిందా? మా సంఘంలో కొందరు పెద్దలు ఇంకా సందేహిస్తారు. వారితో మేము ప్రేమగానే వాదిస్తాం. తోలూ కర్రా దేవుడు చేసినవే. వాటిని ఎవరి స్తుతికి వాయిస్తున్నామన్నదే ప్రశ్న.

ఎఫెక్ట్ అంటే ఏమిటి?

యౌవనస్థులతో మాట్లాడేటప్పుడు ‘అవన్నీ లోకసంబంధమైనవి’ అని కొట్టిపారేస్తే వారు మన మాట వినరు, వినకపోవడం న్యాయమే. ముందు మనం తెలుసుకోవాలి. మేమూ మా కీబోర్డు వాయించే అబ్బాయి పక్కన కూర్చుని నేర్చుకున్నాం.

రివర్బ్ అంటే పెద్ద గదిలో పాడినప్పుడు గోడల నుంచి కలగలిసి వచ్చే మిగులు ధ్వని. డిలే అంటే ఒకసారి పలికినది కొంత సేపటికి విడిగా మళ్లీ వినబడడం. మన వాడుకలో రెండింటినీ కలిపి ‘ఎకో’ అంటాం. ఒకప్పుడు స్టూడియోల్లో దీనికోసం ఖాళీ గదులు, ఇనుప పలకలు, స్ప్రింగులు వాడేవారు. 1974లో రోలాండ్ సంస్థ టేపు మీద పనిచేసే స్పేస్ ఎకో యంత్రాన్ని తెచ్చింది. అదే సంస్థకు చెందిన బాస్ బ్రాండు 1977 నుంచి కాలితో నొక్కే చిన్న పెడల్స్ తయారు చేస్తోంది. ఇవాళ చిన్న మిక్సర్లలో కూడా ఈ ఎఫెక్టులు లోపలే వస్తున్నాయి. మన ఆర్కెస్ట్రాలకు, సంఘాలకు బాగా పరిచయమైన ఆక్టోపాడ్ కూడా రోలాండ్‌దే, 1985లో వచ్చింది. రబ్బరు పలకలు ఎనిమిది, వాటిమీద తబలా, డోలక్ నుంచి చప్పట్ల దాకా శబ్దాలు.

వీటిలో పాపమేమీ లేదు. ఎక్కడ, ఎంత వాడాలన్నదే తెలియాలి. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది. పదిహేడు మీటర్ల పొడవున్న మందిరంలో వేదిక మీద పలికిన మాట వెనక గోడకు తగిలి తిరిగి రావడానికి సెకనులో పదోవంతు పడుతుంది. రేకుల కప్పు, సున్నం గోడలు ఉన్న మన మందిరాలు ఎకోను ముందే ఇస్తున్నాయన్నమాట. దాని మీద యంత్రపు ఎకో పెడితే వండిన కూరలో మళ్లీ ఉప్పు వేసినట్టే. ఆరుబయట పందిట్లో అయితే గోడలు లేవు కనుక పాటకు కొద్దిపాటి రివర్బ్ అందాన్నిస్తుంది. డిలే వాడాలనుకుంటే పాట నడకకు సరిపోవాలి. నిమిషానికి 100 దెబ్బల వేగంతో నడిచే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 600 మిల్లీసెకన్లు. డిలే దానికి కుదిరితే తాళంలో కలిసిపోతుంది. కుదరకపోతే పాడేవారి కాళ్లకు అడ్డం పడుతుంది.

ప్రసంగానికి, వాక్య పఠనానికి, ప్రార్థనకు మాత్రం ఎకో అసలే వద్దు. ఏలీయాతో దేవుడు మాట్లాడింది గాలిలో కాదు, భూకంపంలో కాదు, మంటలో కాదు, ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరంలో (1 రాజులు 19:11-13).

ముందు ఏది, తర్వాత ఏది?

తక్కువ డబ్బుతో కొనాలనుకునే సంఘాలకు మా అనుభవం నుంచి కొన్ని మాటలు చెబుతాం.

మొదటిది మైకు. నోటినుంచి వచ్చిన మాట అక్కడే పాడైతే తర్వాత వేల రూపాయల యంత్రాలు కూడా దాన్ని బాగుచేయలేవు. తీగతో ఉండే మంచి డైనమిక్ మైకులు రెండు చాలు. వీటికి బ్యాటరీ అక్కర్లేదు, ఒకసారి చేయి జారినా తట్టుకుంటాయి. షూర్ సంస్థ 1966లో తెచ్చిన ఎస్‌ఎం58 ఇప్పటికీ ప్రపంచమంతటా వేదికల మీద కనిపిస్తోందంటే కారణం ఆ గట్టిదనమే. దానికి నకళ్లు చాలా ఉన్నాయి, బిల్లు ఇచ్చే చోటే కొనండి. చవక వైర్‌లెస్ మైకుల జోలికి పోకండి. ప్రార్థన మధ్యలో బ్యాటరీ అయిపోతుంది.

రెండోది మిక్సర్. లోపలే ఎఫెక్టులున్న చిన్న మిక్సర్ అయితే విడిగా ఎఫెక్టుల యంత్రం కొనే పని ఉండదు. ఒక్కో చానల్‌కు ఎఫెక్ట్ బిరడా వేరుగా ఉందో లేదో చూడండి. అలా ఉంటే పాడేవారికి కొంచెం పెట్టి, ప్రసంగికుడి మైకుకు సున్నాలో ఉంచవచ్చు. ఎఫెక్టును కాలితో నొక్కి ఆపే స్విచ్ తగిలించుకునే వీలుంటే ఇంకా మంచిది. పాట ఆగి మాట మొదలవగానే ఎకో ఆపేయవచ్చు.

మూడోది బాక్సులు. ఇక్కడే అందరం వాట్ల మాయలో పడతాం. 200 వాట్ల నుంచి 400 వాట్లకు వెళ్లినంత మాత్రాన శబ్దం రెట్టింపు వినబడదు. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. ఆరుబయట దూరం రెట్టింపయిన కొద్దీ ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కనుక ముందున్న పసిపిల్లల చెవులు చిల్లులు పడేలా పెంచడం కన్నా, చిన్న బాక్సు ఒకటి జనం మధ్య దాకా తీసుకెళ్లి నిలబెట్టడం మేలు. ఎజ్రా లేవీయులను జనం మధ్య నిలబెట్టినట్టు.

నాలుగోది కీబోర్డు, ప్యాడ్స్. ఇవి పాతవి కూడా దొరుకుతాయి. కొనేముందు అరగంట వాయించి చూడండి. ప్రతి మెట్టూ, ప్రతి పలకా పలుకుతోందా? జాక్ కదిపితే గరగర వస్తోందా? సొంత అడాప్టర్ ఉందా? చివరిగా గిటారు ఎఫెక్టులు. నాలుగు పెడల్స్ విడివిడిగా కొనేకన్నా అన్నీ ఒకే దానిలో ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ చవక. వీటిలో ఎక్కువ వాటికి 9 వోల్టుల అడాప్టర్, నడిమి పిన్ను నెగటివ్. చేతికందిన అడాప్టర్ గుచ్చితే పెడల్ ఒక్క క్షణంలో కాలిపోతుంది.

ఇంకొక మాట. కొత్త పాటకు వంద ఎఫెక్టులు వెతకడం కన్నా, ఉన్న మూడింటిని బాగా నేర్చుకున్నవాడే మంచి వాయిద్యకారుడు.

కరెంటు, వాన, వరద

మన ప్రాంతంలో సెట్టు కొనడం ఒక ఎత్తు, కాపాడుకోవడం మరో ఎత్తు. గూడేల్లో వోల్టేజి పడిపోతుంది, ఒక్కసారిగా లేస్తుంది. స్టెబిలైజర్ లేకుండా కీబోర్డు పెట్టకండి. ఎర్తింగ్ లేని చోట గిటారు తీగలు పట్టుకుని మైకుకు పెదవులు ఆనించిన పిల్లవాడికి షాక్ కొట్టవచ్చు. మంచుకు తడిసిన నేల మీద చెప్పుల్లేకుండా నిలబడితే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ బోర్డు ముందు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఒక మంచి మైకు కన్నా దాని ఖరీదు తక్కువ. స్తంభం తీగలకు కొక్కేలు వేసి కరెంటు తీసుకోవడం చట్టప్రకారం నేరం. దొంగ కరెంటుతో దేవుని స్తుతి ఎలా పాడతాం?

వరద సంగతి భద్రాచలం వారికి చెప్పనక్కర్లేదు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర. నది పక్కన ఉన్న మందిరాల్లో వర్షాకాలమంతా సామాను నేలమీద పెట్టకండి. ఒక్కరు ఎత్తి మోసుకుపోగలిగే పెట్టెల్లో సర్దుకోండి. ఆ లెక్కన కూడా మనిషెత్తు బాక్సులకన్నా చిన్నవే మనకు తగినవి.

పొరుగువాడి నిద్ర

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు. పగలు వాడాలన్నా అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మనం మరచిపోకూడదు. అది చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘం మీద వచ్చిన కేసు. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టేలా మైకులతోనో డప్పులతోనో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని న్యాయస్థానం తేల్చింది.

ఆ మాట చదివి కొందరు బాధపడ్డారు. మాకు మాత్రం అది ఆమోసు ప్రవక్త గొంతులా వినిపించింది. న్యాయం లేని చోట పాటల రొదను తన దగ్గర నుంచి తీసివేయమని దేవుడు ఆ ప్రవక్త ద్వారా చెప్పాడు (ఆమోసు 5:23-24). భద్రాచలం రాముని కీర్తనల ఊరు. రామదాసు కీర్తనలు పాడుకునే ఇంటి పక్కన మనం ఉంటున్నాం. అక్కడ జ్వరంతో పడుకున్న పిల్ల ఉండవచ్చు, పరీక్షకు చదువుకునే అబ్బాయి ఉండవచ్చు. పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ మన మిక్సర్ మీది వాల్యూమ్ బిరడాకు కూడా వర్తిస్తుంది.

అరువు గొడ్డలి

ఎలీషా దినాల్లో ఒక ప్రవక్త శిష్యుడు మాను నరుకుతుంటే గొడ్డలి ఊడి యొర్దానులో పడింది. అతడు బావురుమన్నది ఇనుము పోయినందుకు కాదు, అది అరువు తెచ్చినది అయినందుకు (2 రాజులు 6:5). దేవుడు దయతో దాన్ని నీటిపై తేలేలా చేశాడు. కానీ మనం చేసే ప్రతి అప్పూ అలా తేలుతుందని ఆయన మాట ఇవ్వలేదు. అప్పు చేసి సౌండ్ కొనకండి. ఉన్నంతలో మైకుతో మొదలుపెట్టండి, మరుసటి ఏడాది మిక్సర్ కొనండి. దగ్గరలోని నాలుగైదు సంఘాలు కలిసి ఒక సెట్టు కొని, వంతులవారీగా వాడుకుంటే ఇంకా మంచిది. క్రిస్మస్ కూడికలు అందరివీ ఒకే రాత్రి ఉండవు కదా.

పేద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు ప్రభువు కానుక పెట్టె ఎదుట కూర్చుని చూస్తున్నాడు (మార్కు 12:41-44). ఆ కాసులతో మనం ఏమి కొంటున్నామో కూడా ఆయన చూస్తూనే ఉంటాడు.

మనిషిని కూడా సిద్ధపరచండి. దావీదు కాలంలో లేవీయుల సంగీతానికి కెనన్యాను పెద్దగా పెట్టింది అతడు అందులో నేర్పరి కనుకనే (1 దినవృత్తాంతములు 15:22). మిక్సర్ దగ్గర కూర్చునేవాడు వేదిక పక్కన కాదు, జనం వెనకాల కూర్చోవాలి. చివరి వరుసలో ఏమి వినబడుతుందో అతడికి తెలియాలి. అది వేదిక మీద నిలబడడం కన్నా తక్కువ సేవ కాదు. సొలొమోను మందిర ప్రతిష్ఠలో 120 మంది యాజకులు బూరలు ఊదారు, గాయకులు పాడారు. అన్నీ కలిసి ఒక్క స్వరంగా వినబడినప్పుడే యెహోవా మహిమ మందిరాన్ని నింపింది (2 దినవృత్తాంతములు 5:12-14). అంతమందిలో ఎవరూ ఇంకొకరిని ముంచివేయలేదు.

మళ్లీ ఆ గూడెంలో

అప్పు తీరాక మా యౌవనస్థులతో కూర్చున్నాం. అవ్వ అడిగిన ప్రశ్న వారికి చెప్పాం. ఎవరినీ గద్దించలేదు, ఎందుకంటే ఒప్పుకున్నది మేమే. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కీబోర్డు వాయించే అబ్బాయే, “అయ్యగారూ, పెద్ద బాక్సులు అమ్మేద్దాం” అన్నాడు. సగం ధరకే పోయాయి. ఆ డబ్బుతో మంచి మైకులు రెండు, ఎఫెక్టులు లోపలే ఉన్న చిన్న మిక్సర్ ఒకటి, చేతితో మోసుకుపోగలిగే బాక్సులు రెండు వచ్చాయి. ఎఫెక్టుల యంత్రం ఇప్పటికీ మా దగ్గరే ఉంది. అందులో మేము వాడేవి రెండో మూడో.

తర్వాతి క్రిస్మస్‌కు అదే గూడెం వెళ్లాం. ఒక బాక్సు ముందు, ఒకటి జనం మధ్యలో. ఆ గూడెం పెద్దాయన డోలు పట్టుకున్నాడు. మిక్సర్ దగ్గర కూర్చున్న పిల్లవాడు అవ్వ పక్కనే చాప మీద ఉన్నాడు. విధవరాండ్రకు చీరలు కూడా తీసుకెళ్లాం. పాటయ్యాక అవ్వ దగ్గరికి వెళ్లి, “వినబడిందా అవ్వా?” అని అడిగాం.

“వినబడ్డది అయ్యగారూ. క్షమించాడు అన్నరు” అంది. ఆగి, మళ్లీ అంది: “ఆ డోలే ఇంకొంచెం గట్టిగ కొట్టమను.”

ప్రియ పాఠకులారా, ఈ క్రిస్మస్‌కు మీ సంఘంలో కొత్త సెట్టు కొనాలన్న చర్చ నడుస్తుంటే, దుకాణానికి వెళ్లేముందు ఒక పని చేయండి. ఆదివారం ఆరాధనలో మీ మందిరం చివరి వరుసలో, వయసు మళ్లిన తల్లి పక్కన కూర్చుని వినండి. ఆమెకు మాట అందుతోందా? అందకపోతే ఏది కొనాలో అక్కడే తెలుస్తుంది. అందుతుంటే ఇంకేమీ కొనకపోయినా ఫరవాలేదు. మన స్వరాలను దేవుడు స్పష్టపరచును గాక. మన కానుకలను, మన పొరుగువారిని గౌరవించే జ్ఞానం మనకు దయచేయును గాక. ఆమేన్.